పంటకు ముందే పాళ్ల నిర్ణయము: విశ్వవిద్యాలయములు, కంట్రాక్టర్ల మధ్య జట్టు ఒడంబడికలు

2023 సెప్టెంబరు 24వ తేదీన అమెరికాలోని యూటా రాష్ట్రపు ఎడారిలో ఒక చిన్న పేటిక పారాషూటు సాయమున దిగినది. సూర్యుని చుట్టు తిరుగుచున్న బెన్ను అను గ్రహశకలమునుండి తెచ్చిన రాతిముక్కలు, ధూళి అందులో ఉండెను. వానినన్నిటిని వెలికితీసి తూచగా 121.6 గ్రాములు తేలినవి. పాత తూకములో చెప్పవలెనన్న పది తులములకు కొంచెము ఎక్కువ. ఈ గుప్పెడు మన్ను కొరకు ఒసైరిస్-రెక్స్ అను నౌక 2016 సెప్టెంబరు 8వ తేదీన భూమిని విడిచి, ఏడు సంవత్సరములు అంతరిక్షమున సంచరించి వచ్చినది.

ఇట్టి యాత్రల కథను రాకెట్టు ఎగిరిన దినమునుండి చెప్పుట వాడుక. కాని ఈ కథ అంతకు పండ్రెండు సంవత్సరములకు పూర్వమే మొదలైనది. 2004లో లాక్‌హీడ్ మార్టిన్ అను విమాన, అంతరిక్ష నౌకా నిర్మాణ సంస్థకు చెందినవారు ఆరిజోనా విశ్వవిద్యాలయమున గ్రహశాస్త్ర పరిశోధకుడైన మైఖేల్ డ్రేక్‌ను కలిసికొని, గ్రహశకలమునుండి మన్ను తెచ్చు యాత్ర కొరకు ఇరువురము కలిసి ప్రభుత్వమునకు ప్రతిపాదన పంపుదమా యని అడిగిరి. డ్రేక్ తన సహోద్యోగియైన డాంటే లారెట్టాను కూడ ఆ పనిలో చేర్చుకొనెను. అప్పటికి నౌక లేదు, ధనము లేదు, ప్రభుత్వపు ఉత్తరువు లేదు. ఉన్నది ఒక ఆలోచన మాత్రమే.

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అని మనవారు తొందరపాటువారిని ఎగతాళి చేయుదురు. కాని ఇటువంటి పెద్ద పనులలో కొడుకు పుట్టకముందే పేరు పెట్టుకొనుటయే కాక, వాని ఆస్తి పంపకము కూడ వ్రాసికొనవలసియుండును. అట్లు వ్రాసికొను పత్రమునకే జట్టు ఒడంబడిక అని పేరు. అది ఏమి, దానిలో ఏమి వ్రాయుదురు, దానివలన విశ్వవిద్యాలయమునకు కలుగు లాభమేమి, చిక్కులేమి అను విషయములను ఇచట తెలిసికొందము.

ఇరువురు కలియుట ఎందుకు?

విశ్వవిద్యాలయమున శాస్త్రజ్ఞులు, ప్రయోగశాలలు, పరిశోధక విద్యార్థులు ఉందురు. ఏ ప్రశ్నకు సమాధానము వెదకవలెనో, దొరికిన సమాధానము సరియైనదో కాదో వారు చెప్పగలరు. కాని రెండు టన్నుల నౌకను చెప్పిన దినమునకు, చెప్పిన ఖర్చులో కట్టి ఇచ్చు యంత్రాంగము వారికి సాధారణముగా ఉండదు. నిర్మాణ సంస్థకు ఇంజనీర్లు, ధూళి చొరని నిర్మాణశాలలు, పరీక్షాయంత్రములు, లెక్కలు వ్రాయు సిబ్బంది కలరు. కాని గ్రహశకలపు మన్నులో ఏమి వెదకవలెనో నిర్ణయించుట వారి వృత్తి కాదు. ఒకరికి ఎద్దులున్నవి, మరియొకరికి నాగలి ఉన్నది. ఇద్దరును కలిసిననే దుక్కి సాగును.

బెన్ను యాత్రలో పని పంచబడిన తీరు చూచిన ఈ సంగతి స్పష్టమగును. శాస్త్ర విషయములకు నాయకత్వము ఆరిజోనా విశ్వవిద్యాలయముది. నౌకలోని కెమేరాలను కూడ ఆ విశ్వవిద్యాలయమే తయారుచేసినది. నౌకను నిర్మించి, దానిని నడిపిన సంస్థ లాక్‌హీడ్ మార్టిన్. మొత్తము పనిపై అజమాయిషీ నాసాకు చెందిన గొడార్డ్ కేంద్రముది. బెన్ను వెదజల్లు వేడిమిని పరిశీలించు పరికరమును ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయమువారును, లేసరు కిరణములతో ఎత్తుపల్లములను కొలుచు పరికరమును కెనడా దేశపువారును సమకూర్చిరి. ఎక్స్-రే పరికరమొకటి ఎం.ఐ.టి., హార్వర్డు విద్యార్థుల కృషి ఫలితము.

గెలుపు నిశ్చయము కాని పందెము

ఇట్టి పనిని ప్రభుత్వము ఎవరికిని ఊరక అప్పగింపదు. నాసా మొదట ఒక ప్రకటన చేయును. ఖర్చు ఎంతకు మించరాదో, ప్రతిపాదనలు ఏ తేదీలోపల అందవలెనో అందులో చెప్పును. వచ్చిన ప్రతిపాదనలను నిపుణులు పరీక్షించి కొన్నిటిని ఏరుదురు. ఏరిన జట్లు మరికొంతకాలము శ్రమించి వివరమైన నివేదికలు సమర్పింపవలెను. తుదకు సాధారణముగా ఒక్కటే ఎన్నికగును.

డ్రేక్ జట్టు 2004లో పంపిన మొదటి ప్రతిపాదన నెగ్గలేదు. రెండవ ప్రతిపాదన 2006లో తుది పరిశీలన వరకు వచ్చినను, 2007లో ఆ అవకాశము చంద్రుని గురుత్వాకర్షణను కొలుచు గ్రెయిల్ అను మరియొక యాత్రకు దక్కినది. మూడవసారి 2009 డిసెంబరు 29వ తేదీన నాసా మూడు ప్రతిపాదనలను ఏరినది. ఒకటి శుక్రగ్రహముపై దిగు యాత్ర. దానికి కొలరాడో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు నాయకుడు. రెండవది చంద్రుని దక్షిణధ్రువము దాపునగల పెద్దపల్లమునుండి రాళ్లు తెచ్చు యాత్ర. దానికి సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు నాయకుడు. మూడవది బెన్ను యాత్ర. వివరములు సిద్ధపరచుటకు ఒక్కొక్క జట్టునకు సుమారు 33 లక్షల డాలర్లు ఇచ్చిరి. 2011 మే 25వ తేదీన బెన్ను యాత్ర ఎన్నికైనది. తక్కిన రెండు జట్ల శ్రమకు ఆ పందెమున కంట్రాక్టు దక్కలేదు.

చేయబోవు పని ఇంకను చేతికి రాలేదు. వచ్చునో రాదో తెలియదు. అయినను ఒకరి రహస్యములు మరియొకరికి చెప్పవలెను. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి శ్రమింపవలెను. గెలిచిన తరువాత “నీవెవరు, నేనెవరు?” అను మాట రాకుండుటకు ముందుగనే వ్రాత అవసరమగును.

రెండు విధములు

అమెరికా ప్రభుత్వపు కొనుగోలు నిబంధనావళి 1984లో అమలులోనికి వచ్చినది. అందులో ఇట్టి జట్లకు ప్రత్యేకముగా ఒక భాగము కేటాయింపబడినది. దాని ప్రకారము జట్టు రెండు విధములుగా ఏర్పడవచ్చును.

మొదటి విధమున ఇరువురు గాని, అంతకు ఎక్కువమంది గాని కలిసి ఒక భాగస్వామ్యమునో, ఉమ్మడి సంస్థనో స్థాపించి దాని పేరుతో కంట్రాక్టు కోరుదురు. అణుబాంబు నిర్మాణముతో ప్రసిద్ధికెక్కిన లాస్ అలమాస్ ప్రయోగశాల దీనికి మంచి ఉదాహరణము. 1943 నుండి దానిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ఒక్కటియే నిర్వహించుచుండెను. 2005లో ప్రభుత్వము మొదటిసారి ఆ నిర్వహణమునకు పోటీ పెట్టినది. అప్పుడు ఆ విశ్వవిద్యాలయము బెక్టెల్ మొదలైన సంస్థలతో కలిసి ఉమ్మడి సంస్థగా ఏర్పడినది. దానికి పోటీగా టెక్సాస్ విశ్వవిద్యాలయమువారు లాక్‌హీడ్ మార్టిన్‌తో చేతులు కలిపిరి. కాలిఫోర్నియా జట్టు గెలిచి, 2006 జూన్ 1వ తేదీన బాధ్యత చేపట్టినది.

రెండవ విధమున ఒకరు ప్రధాన కంట్రాక్టరుగా నిలుతురు. తక్కినవారు, గెలిచిన పిమ్మట తమకు ఉపకంట్రాక్టు లభించునను మాటపై జట్టులో చేరుదురు. విశ్వవిద్యాలయము ఉపకంట్రాక్టరుగా ఉండుట తరచుగా కనబడును.

ఏ విధమైనను, ఒకరి సామర్థ్యమును మరియొకరిది పూరింపవలెననుటే ఈ ఏర్పాటు యొక్క ఉద్దేశము. జట్టు సంగతి ప్రతిపాదనలో దాచక తెలుపవలెను. జట్టు పేరిట పోటీని అణచివేయు కుట్రలకు అనుమతి లేదు.

ఒడంబడికలో ఏమి వ్రాయుదురు?

మొదటిది పని పంపకము. ఎవరు ఏ భాగమును చేయుదురో, ఏ భాగమునకు ఎవరు పూచీయో చెప్పవలెను.

రెండవది ఖర్చు. ప్రతిపాదన తయారుచేయుటకైన వ్యయమును సాధారణముగా ఎవరిది వారే భరింతురు. ఓడినచో ఒకరినొకరు పరిహారము అడుగరాదు.

మూడవది రహస్యరక్షణ. సంస్థకు తన ధరలు, నిర్మాణ రహస్యములు ప్రాణసమానములు. శాస్త్రజ్ఞునకు ఇంకను అచ్చుకాని తన ఆలోచన అట్టిది. ఏ కాగితములు రహస్యములో, ఎంతకాలము కాపాడవలెనో ముందే నిర్ణయింతురు.

నాలుగవది ఇతర జట్లలో చేరరాదను షరతు. ఇది చూచుటకు సులభము, పాటించుటకు కష్టము. పైన చెప్పిన 2007 పోటీలో గెలిచిన గ్రెయిల్ యాత్రకు నాయకురాలు ఎం.ఐ.టి.కి చెందిన మరియా జూబర్. ఆ యాత్రకు నౌకలను నిర్మించిన సంస్థ కూడ లాక్‌హీడ్ మార్టినే. అనగా ఒకే సంస్థ గెలిచిన జట్టులోను ఉన్నది, ఓడిన జట్టులోను ఉన్నది. పెద్దనౌకలు కట్టగల సంస్థలు కొద్దియైనందున ఇది తప్పదు. ఇట్టి సందర్భములలో ఒక జట్టు కొరకు పనిచేయువారికి మరియొక జట్టు కాగితములు కనబడకుండ ఏర్పాటు చేయుట ముఖ్యము. విశ్వవిద్యాలయమునకును ఈ చిక్కు కలదు. ఒక ఆచార్యుడు ఒక జట్టులో చేరినంతమాత్రమున, అదే విశ్వవిద్యాలయమున మరియొక విభాగపు ఆచార్యుడు వేరొక జట్టులో చేరరాదనుట న్యాయము కాదు. కనుక ఈ షరతు పేరు చెప్పిన వ్యక్తులకు, పేరు చెప్పిన పనికి మాత్రమే వర్తించునట్లు వ్రాయుట మంచిది.

ఐదవది ముగింపు. పోటీలో ఓడినను, ప్రభుత్వము పోటీనే రద్దుచేసినను, గెలిచినను నిర్ణీతకాలములో ఉపకంట్రాక్టు కుదరకున్నను ఒడంబడిక ఎట్లు అంతమగునో చెప్పవలెను.

విశ్వవిద్యాలయము విడువరాని మూడు హక్కులు

సంస్థకు లాభము ప్రధానము. అందులో తప్పు లేదు. విశ్వవిద్యాలయమునకు విద్యాదానము ప్రధానము. కావున రెండు కంపెనీలు వ్రాసికొను పత్రమునే విశ్వవిద్యాలయము కన్నులు మూసికొని సంతకము చేసినచో నష్టము కలుగును.

మొదటి హక్కు ప్రకటన స్వాతంత్ర్యము. పరిశోధన ఫలితములను పత్రికలలో ప్రకటించుట విశ్వవిద్యాలయపు విధి. పరిశోధక విద్యార్థి తన వ్యాసమును సమర్పించిననే పట్టము లభించును. సంస్థ అనుమతి లేనిదే ఏదియు ప్రకటింపరాదని సంతకము చేసినచో ఆ విద్యార్థి శ్రమ పెట్టెలో పడును. దీనికి మధ్యేమార్గము కలదు. వ్యాసమును ముందుగా సంస్థకు చూపుదురు. సంస్థ ముప్పది దినములలోనో, అరువది దినములలోనో దానిని చదివి, తామిచ్చిన రహస్యమేదైన పొరపాటున చేరినచో చెప్పవలెను. అడ్డగించు అధికారము మాత్రము వారికి ఉండదు.

రెండవది మొదటిదానితో పెనవేసికొన్నది: విదేశ విద్యార్థుల హక్కు. అంతరిక్ష నౌకల వంటి విషయములలోని సాంకేతిక వివరములను విదేశీయులకు తెలుపుటపై అమెరికాలో కఠినమైన చట్టములు కలవు. అయితే ఫలితములు అందరికి ప్రకటింపబడు మూల పరిశోధనకు మినహాయింపు కలదు. అట్టి పరిశోధన ఫలితములను సాధ్యమైనంతవరకు నిర్బంధింపరాదని 1985లో ఆ దేశాధ్యక్షుని ఉత్తరువు ప్రకటించినది. కాని విశ్వవిద్యాలయము తనంతట తాను ప్రకటనను అడ్డగించు షరతునకు ఒప్పుకొన్నచో ఆ మినహాయింపు పోవును. సంస్థ తన రహస్యములు బయటపడకుండ వ్యాసమును చదివి చూచుటవలన మాత్రము పోదు. ఒక్క వాక్యపు తేడావలన ప్రయోగశాలలోని విదేశ విద్యార్థి ఆ బల్లయొద్దకు రాకూడని స్థితి ఏర్పడవచ్చును. అమెరికా విశ్వవిద్యాలయములలో చదువుచున్న తెలుగు విద్యార్థులు పెక్కుమంది కలరు గనుక ఈ సంగతి మనకు దూరపు ముచ్చట కాదు.

మూడవది నూతన కల్పనలపై హక్కు. ప్రభుత్వ ధనముతో చేసిన పరిశోధనలో ఏదైన కొత్త సాధనము కనుగొన్నచో, దాని పేటెంటును విశ్వవిద్యాలయమే ఉంచుకొనవచ్చునని 1980లో అమెరికాలో చట్టము చేయబడినది. ప్రభుత్వము తన అవసరములకు దానిని వాడుకొనవచ్చును. విశ్వవిద్యాలయము ఉపకంట్రాక్టరైనను ఈ హక్కు పోదు. “ఉపకంట్రాక్టు ఇచ్చెదము, బదులుగా నీ కల్పనలు మాకు వ్రాసి ఇమ్ము” అని ప్రధాన కంట్రాక్టరు కోరరాదని ఆ చట్టము క్రింద చేసిన నిబంధనలు చెప్పుచున్నవి. అయినను సంతకము చేయువాడు ఈ సంగతి తెలిసికొనియుండవలెను. తెలియని హక్కు లేని హక్కుతో సమానము.

ఇందుచేతనే అచటి విశ్వవిద్యాలయములలో ఇట్టి పత్రములపై సంతకము చేయు అధికారము ఆచార్యునకు కాక, అందుకు నియమింపబడిన కార్యాలయమునకు ఉండును. ఆచార్యుడు సైన్సును చూచును, కార్యాలయము షరతులను చూచును.

వ్రాసిన మాట నిలుచునా?

ఒడంబడిక వ్రాసికొన్నంతమాత్రమున అంతయు భద్రమని తలపరాదు. వర్జీనియా రాష్ట్రములోని ఒక ఫెడరల్ న్యాయస్థానమునకు వచ్చిన వ్యాజ్యమును చూడుడు. రెండు సంస్థలు జట్టుగా చేరి, పనిలో నూటికి 51 వంతులు ఒకరికి, 49 వంతులు రెండవవారికి అని వ్రాసికొన్నవి. కంట్రాక్టు దొరకినది. తరువాత ఉపకంట్రాక్టు షరతులు కుదరలేదు. రెండవ సంస్థ న్యాయస్థానమునకు పోయినది. ఇది ముందుముందు ఒప్పందము చేసికొందమను ఒప్పందమే కాని, అమలుచేయదగిన కంట్రాక్టు కాదని 2013లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2014లో పై న్యాయస్థానమును దానినే ఖాయపరచినది. 2016లో వర్జీనియా అత్యున్నత న్యాయస్థానము కూడ మరియొక వ్యాజ్యమున ఇట్లే నిర్ణయించినది.

మన దేశపు న్యాయమునకును ఈ సూత్రము క్రొత్త కాదు. అర్థము నిశ్చయము కాని, నిశ్చయపరచుటకు వీలుకాని ఒడంబడికలు చెల్లవని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టపు 29వ సెక్షను చెప్పుచున్నది. నూరు టన్నుల నూనె అమ్మెదనని ఒకడు ఒప్పుకొని, అది ఏ నూనెయో తెలుపకున్నచో ఆ ఒడంబడిక చెల్లదని ఆ చట్టమే ఉదాహరణ మిచ్చినది.

తరగతిలో విద్యార్థులకు దీనిని ఇట్లు చెప్పవచ్చును. రెండు పాఠశాలలు కలిసి వైజ్ఞానిక ప్రదర్శనకు ఒక దూరదర్శినిని తయారుచేయ దలచినవనుకొందము. “పనిని సగము సగము చేసికొందము, తక్కిన సంగతులు బహుమతి వచ్చిన తరువాత చూచుకొందము” అని వ్రాసికొన్నచో అది ఏ నూనెయో చెప్పని బేరము. “కటకములు, లెక్కలు మొదటి పాఠశాలవి, గొట్టము, నిలువుకాలు రెండవ పాఠశాలవి, బహుమతి చెరిసగము, దూరదర్శిని ఒక్కొక్కచోట ఆరు మాసములు, ఎవరు వ్యాసము వ్రాసినను రెండు పాఠశాలల పేర్లు ఉండవలెను” అని వ్రాసికొన్నచో ఇక పేచీకి తావు తక్కువ. ఉపకంట్రాక్టులోని ముఖ్య షరతులను జట్టు ఒడంబడికకే జతపరచుట మేలని అనుభవజ్ఞులు చెప్పుటకు కారణ మిదియే.

గుప్పెడు మన్ను పంపకము

మరల బెన్ను యాత్రకు వత్తము. యాత్ర ఎన్నికైన నాలుగు మాసములకే, 2011 సెప్టెంబరులో మైఖేల్ డ్రేక్ మరణించెను. ఏడేండ్లు శ్రమించి గెలిచిన నాయకుడు నౌకను చూడలేదు. అయినను పని ఆగలేదు. డాంటే లారెట్టా నాయకత్వము వహించెను. నౌక 2018 డిసెంబరులో బెన్నును చేరి, 2020 అక్టోబరు 20వ తేదీన దాని నేలను తాకి మన్ను తీసికొనినది. మనుష్యులు మారినను పని నిలుచుటకు, పాళ్లు మనుష్యుల జ్ఞాపకములలో కాక సంస్థల మధ్య కాగితముపై ఉండుట ఎంత అవసరమో దీనివలన తెలియును.

పంట వచ్చిన పిదప పంపకమును అట్లే జరిగినది. లేసరు పరికరము సమకూర్చిన కెనడాకు మన్నులో నూటికి 4 వంతులు, తన హయబుసా-2 యాత్రలో తెచ్చిన మన్నును పంచుకొన్న జపానుకు నూటికి అర వంతు చెందవలెనని మునుపే నిర్ణయమైనది. కనీసము 70 వంతులు ఇంకను పుట్టని శాస్త్రజ్ఞుల కొరకు, ఇంకను కనుగొనని సాధనముల కొరకు హ్యూస్టన్‌లో భద్రపరచబడుచున్నవి.

మొదటి ముఖ్య ఫలితములు 2025 జనవరి 29వ తేదీన పత్రికలలో ప్రకటింపబడినవి. జీవరాసులు ప్రోటీనుల నిర్మాణమునకు వాడుకొను 20 అమైనో ఆమ్లములలో 14 ఆ మన్నులో కనబడినవి. జన్యుపదార్థములైన డి.ఎన్.ఎ., ఆర్.ఎన్.ఎ.లలోని ఐదు క్షారములును అందు ఉన్నవి. జీవము అక్కడ ఉన్నదని దీని అర్థము కాదు. జీవమునకు కావలసిన ముడిసరకులు భూమికి వెలుపల కూడ తయారగుచున్నవని అర్థము. ఈ సంగతి నేడు ఏ ఊరి ఉన్నత పాఠశాలలోనైన ఉపాధ్యాయుడు విద్యార్థులకు చెప్పగలడు.

విశ్వవిద్యాలయము పరిశ్రమతో చేయి కలుపుట తప్పు కాదు. పెద్దపనులకు అది తప్పదు కూడ. ఆ చేయి కలుపునప్పుడు నౌక ఎవరు కట్టుదురో, డబ్బు ఎవరికి ఎంతయో వ్రాసికొనుటతో సరిపెట్టరాదు. దొరకిన జ్ఞానమును లోకమునకు చెప్పు హక్కు ఎవరిదో కూడ వ్రాసికొనవలెను. స్నేహము నిండుగా ఉన్న మొదటి దినముననే ఆ మాట వ్రాయుట సులభము. కళ్లములో రాశి పోసిన తరువాత వ్రాయబోయిన, అప్పటికి అది మాట కాదు, తగవు.